నియమం, రూపం: ఆధునిక యూదు ఆచార వస్తువుల రూపకల్పన – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

యూదుల పండుగల్లోనూ గృహాచారాల్లోనూ వాడే వస్తువులు ఇరవయ్యో శతాబ్దంలో రూపపరంగా పెద్ద మార్పుకు లోనయ్యాయి. జెరూసలేములో 1906లో మొదలైన బెజలేల్ కళాశాల, జర్మనీలో శిక్షణ పొందిన లోహశిల్పులు, అమెరికాలో స్థిరపడిన వలసకుటుంబాల కళాకారులు, స్త్రీవాద ఆలోచనాపరులు, ఇటీవలి పోలండ్ రూపకర్తలు ఈ మార్పుకు కారకులు. ధర్మశాస్త్రం ఈ వస్తువుల విషయంలో ఏది శాసించింది, ఏది శాసించకుండా వదిలింది అన్న ప్రశ్న ఆధారంగా ఆ చరిత్రను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: యూదు ఆచారం, రూపకల్పన, హనుక్కా దీపం, పస్కా పళ్లెం, మెజూజా, పర్ణశాల, బెజలేల్, వోల్పర్ట్.

1. ఉపోద్ఘాతం

యూదుల ఆచార పదజాలం తెలుగు పాఠకుడికి పూర్తిగా కొత్తది కాదు. బైబిల్ అనువాదకులు దానిని ఏనాడో తెలుగులోకి తెచ్చారు. దీపవృక్షం, పస్కా, పొంగని రొట్టెలు, చేదుకూరలు, ద్వారబంధం, పర్ణశాలల పండుగ వంటి మాటలు క్రైస్తవేతర పాఠకులకు కూడా ఎంతో కొంత పరిచితాలే. అయితే ఈ పరిచయానికి ఒక పరిమితి ఉంది. ఈ మాటలు వినగానే మనసులో మెదిలేది మోషే కాలపు ఎడారి, సొలొమోను కట్టించిన మందిరం. దీపవృక్షం స్మృతిని నిలిపే దీపాన్ని నేడు సిలికోన్‌తో చేస్తున్నారనీ, ద్వారబంధానికి బిగించే తొడుగును సిమెంటుతో పోతపోస్తున్నారనీ, పర్ణశాల నిర్మాణానికి వాస్తుశిల్పులు పోటీ పడుతున్నారనీ చెబితే వింతగా తోస్తుంది. పురాతన గ్రంథంలో చదివిన జాతిని ఆ గ్రంథకాలంలోనే నిలిపి చూడటం చదువరులకు అలవాటు. ఆ అలవాటును దాటితే తప్ప ప్రస్తుత విషయం బోధపడదు.

తెలుగునేలకు ఈ విషయంతో మరొక సంబంధం కూడా ఉంది. గుంటూరు ప్రాంతంలోని కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము పేరుతో యూదు ధర్మాన్ని ఆచరించే ఒక చిన్న తెలుగు సమాజం ఉంది. మాదిగ సమాజంలో మూలాలున్న ఈ కుటుంబాలు తాము ఇశ్రాయేలు గోత్రాల సంతతి అని చెప్పుకొంటాయి. యూలియా ఎగరోవా, షాహిద్ పర్వేజ్ కలిసి రాసి 2013లో ప్రచురించిన అధ్యయన గ్రంథం ఈ సమాజాన్ని కులం, మతం అనే రెండు కోణాల నుంచీ పరిశీలించింది. మెజూజా, హనుక్కా దీపం అనేవి తెలుగు మాట్లాడే కొన్ని ఇళ్ల సంగతి కూడా అని గుర్తుచేయడానికే ఈ ప్రస్తావన. ఈ వ్యాసంలోని ప్రధాన కథ మాత్రం జర్మనీ, జెరూసలేము, న్యూయార్క్, వార్సా నగరాల మధ్య సాగుతుంది.

2. ధర్మశాస్త్రం శాసించినది, వదిలినది

నిర్గమకాండంలో దీపవృక్షం వర్ణన అతి సూక్ష్మంగా ఉంటుంది. మేలిమి బంగారం, నకిషీపని, ఆరు కొమ్మలు, బాదం పువ్వుల ఆకారంలో కలశాలు – ఇలా ప్రతి అంశమూ నిర్దిష్టమే. ఆ పని చేయడానికి నియుక్తుడైన బెసలేలు పేరు కూడా గ్రంథంలో ఉంది. కాని క్రీ.శ. 70లో రోమన్లు మందిరాన్ని ధ్వంసం చేశారు. రోములో టైటస్ విజయతోరణం మీద దీపవృక్షాన్ని మోసుకుపోతున్న సైనికుల శిల్పం నేటికీ కనిపిస్తుంది. ఆ తరువాత ఆచారం మందిరం నుంచి ఇంటికీ, ప్రార్థనాసమాజానికీ మారింది. మందిరంలోని ఏడుకొమ్మల దీపాన్ని యథాతథంగా మళ్లీ చేయకూడదని తల్మూదు నిషేధించింది. ఇది గమనించదగిన మలుపు. అత్యంత వివరంగా వర్ణించిన వస్తువే చేయరాని వస్తువైంది. చేయవలసిన వస్తువుల గురించి వర్ణన దాదాపు లేదు.

హనుక్కా దీపాన్నే తీసుకుందాం. ఎనిమిది రాత్రుల పండుగ ఇది. మొదటి రాత్రి ఒక దీపం, రెండో రాత్రి రెండు, ఇలా పెంచుకుంటూ పోవాలని హిల్లేలు సంప్రదాయం. ఎనిమిదితో మొదలుపెట్టి తగ్గించుకుంటూ రావాలని షమ్మాయి సంప్రదాయం. మొదటిదే నిలిచింది. ఆ వెలుగును చూడటమే తప్ప దానితో మరే పనీ చేసుకోకూడదు గనుక, వెలిగించడానికి తొమ్మిదో దీపం విడిగా ఉంటుంది. ప్రతి జ్వాలా దేనికదిగా కనబడాలి. ఒక గిన్నెలో నూనె పోసి చుట్టూ వత్తులు వేస్తే అది నెగడు అవుతుందే తప్ప దీపాల లెక్కకు రాదని తల్మూదు చర్చిస్తుంది. దీపాలు ఒకే వరుసలో, ఒకే ఎత్తులో ఉండటం శ్రేష్ఠమన్నది తరువాతి సంప్రదాయం. చీకటి పడ్డాక కనీసం అరగంట వెలగాలి కనుక ప్రమిదకు అంత నూనె పట్టాలి. నియమాలు ఇంతవరకే. లోహమా, మట్టా, గాజా అన్న పట్టింపు లేదు. కొమ్మలుండాలన్న విధి కూడా లేదు.

మెజూజా విషయంలో ఈ తేడా మరింత స్పష్టం. ద్వితీయోపదేశకాండంలోని రెండు భాగాలను లేఖకుడు తోలుపత్రం మీద చేతితో రాయాలి. ఒక్క అక్షరం చెడినా ఆ పత్రం చెల్లదు. దానిని చుట్టి, గుమ్మంలో ప్రవేశించేవారికి కుడివైపు, ద్వారబంధం పైమూడో భాగంలో బిగిస్తారు. నిలువుగా ఉండాలని రాషి, అడ్డంగా ఉండాలని ఆయన మనుమడు రబ్బేను తాము వాదించగా, మధ్యేమార్గంగా ఏటవాలుగా బిగించడం మధ్య, తూర్పు ఐరోపా యూదుల ఆచారమైంది. తాతా మనుమల వాదం ఇలా ప్రతి గుమ్మం మీదా సంధిపత్రంలా నిలిచిపోయింది. ఇంత నిష్ఠ పత్రానికే. దాని తొడుగు మాత్రం ఏదైనా కావచ్చు.

శాస్త్రం వదిలిన ఈ ఖాళీలోకి ప్రవేశించిన భావన 'హిద్దూర్ మిత్స్వా', అంటే విధిని అందంగా నెరవేర్చడం. అందమైన పర్ణశాల, అందమైన కొమ్ముబూర, అందమైన తోరా చుట్ట ఉండాలని తల్మూదు ఉదాహరణలతో చెబుతుంది. అందం అంటే ఏమిటో చెప్పదు. వస్తువుల శ్రేణీకరణ కూడా ఆసక్తికరమైనది. పర్ణశాల కొమ్మలు, కొమ్ముబూర వంటివి విధికి ఉపకరణాలు. పని తీరాక పారవేయవచ్చు. తోరా తొడుగు, మెజూజా తొడుగు వంటివి పవిత్రాక్షరానికి ఉపకరణాలు. వాటిని పారవేయరాదు, 'గెనీజా'లో భద్రపరచాలి. తొడుగుకు స్వతహాగా పవిత్రత లేదు. అక్షరాన్ని మోసినందువల్లనే అది సంక్రమిస్తుంది. ఆధునిక రూపకర్తల ప్రయోగాలను అంచనా వేయడానికి ఈ భేదం అక్కరకు వస్తుంది.

చేసేవాడు ఎవరన్నది కూడా శాస్త్రానికి ప్రధానం కాలేదు. జర్మన్ నగరాల్లో వెండిపనివారి సంఘాలు యూదులకు సభ్యత్వం ఇవ్వకపోవడంతో ఫ్రాంక్‌ఫర్ట్, ఆగ్స్‌బర్గ్, న్యూరెంబర్గ్ యూదులు తమ సుగంధద్రవ్యాల భరిణెలనూ, తోరా ఆభరణాలనూ క్రైస్తవ శిల్పుల చేత చేయించుకున్నారు. విశ్రాంతిదినం ముగింపులో వాసన చూసే లవంగాల భరిణె గోపురం ఆకారంలో ఉండటానికి ఆ పట్టణాల కోటబురుజుల ప్రభావమే కారణమని కళాచరిత్రకారులు భావిస్తారు. కొచ్చిన్‌లోని పరదేశి ప్రార్థనాసమాజానికి 1805లో తిరువాన్కూరు మహారాజు బంగారు తోరా కిరీటాన్ని బహూకరించాడు. 'యూదు శైలి' అనేది పొరుగువారి చేతుల మీదుగానే రూపొందిందని ఈ ఉదాహరణలు చెబుతాయి.

3. బెజలేల్: ఒక శైలి కోసం అన్వేషణ

లిథువేనియాలో పుట్టి బల్గేరియా రాజాస్థానంలో శిల్పిగా పనిచేసిన బోరిస్ షాట్జ్ 1906లో జెరూసలేములో కళాశాల స్థాపించి, దానికి నిర్గమకాండంలోని శిల్పి పేరే పెట్టాడు. చెల్లాచెదురైన జాతికి సొంత దృశ్యభాష ఉండాలన్నది ఆయన ఆశయం. యెమెన్ నుంచి వచ్చిన యూదు వెండిపనివారు అక్కడ సన్నని తీగెపనిలో నిష్ణాతులు. ఐరోపా రూపకర్త గీసిన నమూనా, యెమెన్ చేతిపనితనం కలిసిన వస్తువులు బెజలేల్ ముద్రను సంతరించుకున్నాయి. జెఎవ్ రబన్ వంటివారి చిత్రణలో లతలు, ఖర్జూరవృక్షాలు, ఒంటెలు, బైబిల్ పాత్రలు అల్లుకొని ఉంటాయి.

ఈ పనిలో శ్రద్ధ ఉంది, తాపత్రయమూ ఉంది. కాని అది ఎక్కువగా ఐరోపావారి ఊహలోని 'తూర్పు'. ప్రాచ్యం గురించి పశ్చిమం కన్న కలను తూర్పుననే తయారుచేసి మళ్లీ పశ్చిమానికి అమ్మిన సందర్భమిది. ఆర్థికంగా కళాశాల నిలదొక్కుకోలేదు, 1929లో మూతబడింది. నిధుల సేకరణకు అమెరికా వెళ్లిన షాట్జ్ 1932లో డెన్వర్‌లో మరణించాడు.

4. అలంకారం తీసేస్తే మిగిలేది: లుడ్విగ్ వోల్పర్ట్

షాట్జ్ జెరూసలేములో శైలి కోసం వెదుకుతున్న కాలంలోనే జర్మనీలో మరొక ఆలోచన సాగింది. లౌప్‌హైమ్‌లో పుట్టిన ఫ్రీడ్రిక్ ఆడ్లర్ 1914లో కొలోన్‌లో జరిగిన వెర్క్‌బుండ్ ప్రదర్శన కోసం ఒక ప్రార్థనాసమాజ అంతర్భాగాన్నీ, అందులోని వస్తువులనూ రూపొందించాడు. యూదు ఆచార వస్తువు ఆధునిక పారిశ్రామిక రూపకల్పన చర్చలోకి వచ్చిన తొలి ఘట్టాలలో ఇది ఒకటి. ఆడ్లర్‌ను నాజీలు 1942లో ఆష్‌విట్జ్‌కు తరలించి చంపారు.

హిల్డెస్‌హైమ్‌లో 1900లో పుట్టిన లుడ్విగ్ యెహుదా వోల్పర్ట్ శిల్పిగా మొదలుపెట్టి, 1920లలో ఫ్రాంక్‌ఫర్ట్ కళాశాలలో లోహపని నేర్చుకున్నాడు. అక్కడ గురువు క్రిస్టియన్ డెల్. బౌహౌస్ లోహశాలలో పనిచేసి వచ్చినవాడు. వస్తువు ఆకారాన్ని దాని పనే నిర్ణయించాలి, పదార్థం తన సహజగుణాన్ని దాచుకోకూడదు అన్న పాఠం వోల్పర్ట్‌కు అక్కడ అబ్బింది. 1930లో ఆయన చేసిన పస్కా సామగ్రిలో ఆ పాఠాన్ని ఒక ప్రాచీన ఆచారానికి అన్వయించాడు.

ఆ వస్తువును కొంత నిదానంగా చూడాలి. పస్కా రాత్రి బల్ల మీద మూడు పొంగని రొట్టెలు ఒకదాని మీద ఒకటి ఉండాలి. కాల్చిన ఎముక, గుడ్డు, చేదుకూర, ఆకుకూర, పండ్లూ గింజలూ కలిపిన 'హరోసెత్' ముద్ద – వీటికి విడివిడిగా చోటు కావాలి. అంతకుముందు శతాబ్దాల్లో తగరపు పళ్లెం మీద అక్షరాలూ, మేకపిల్లలూ, పూలూ చెక్కి, పదార్థాలను దాని మీదే పెట్టేవారు. పదార్థాలు పెట్టగానే చెక్కడం కనిపించకుండా పోతుంది. వోల్పర్ట్ చెక్కడాన్ని వదిలేశాడు. గుండ్రని వెండి చట్రం, రొట్టెలకు ఒకదానిపై ఒకటిగా గాజు అరలు, పైన పదార్థాలకు చిన్న గాజుగిన్నెలు, పట్టుకోవడానికి నల్లచేవ కలప – అంతే. గాజు కావడంతో రొట్టె కనబడుతుంది, చేదుకూర పచ్చదనం కనబడుతుంది. ఆచారంలోని పదార్థాలే అలంకారమయ్యాయి. పస్కా రాత్రి పిల్లలు వస్తువులను చూసి ప్రశ్నలడగడం, పెద్దలు వాటిని చూపించి కథ చెప్పడం విధి. దాపరికం లేని ఆ పారదర్శక పాత్ర ఆ విధికి సరిగ్గా అమరింది. ఫ్యాషన్ కోసం చేసిన ఆధునికతకూ, ఆచారాన్ని అర్థం చేసుకొని చేసిన ఆధునికతకూ తేడా ఇక్కడ తెలుస్తుంది.

మూడేళ్లు తిరిగేసరికి నాజీలు అధికారంలోకి వచ్చారు. వోల్పర్ట్ 1933లో పాలస్తీనాకు వలసవెళ్లాడు. 1935లో యోసెఫ్ బుడ్కో అధ్యక్షతన తిరిగి తెరుచుకున్న కొత్త బెజలేల్‌లో లోహపని బోధించాడు. జర్మనీ నుంచే వచ్చిన డేవిడ్ గుంబెల్ ఆయనకు సహాధ్యాపకుడు. పాత బెజలేల్ వదిలివెళ్లిన అలంకారప్రియత్వానికి ఈ ఇద్దరి బోధన విరుగుడైంది. జర్మనీ నుంచి వెళ్లగొట్టిన రూపసిద్ధాంతం జెరూసలేములో యూదు ఆచారానికి కొత్త వ్యాకరణంగా స్థిరపడటం ఆ కాలపు వైచిత్రి.

వోల్పర్ట్ చేసిన మరో ముఖ్యమైన పని అక్షరాన్ని నిర్మాణంగా మార్చడం. విగ్రహారాధన నిషేధం వల్ల యూదు కళలో బొమ్మలే లేవన్నది సరైన అభిప్రాయం కాదు; సింహాలు, పక్షులు, పూలు పుష్కలంగా ఉన్నాయి. అయినా అన్నిటికన్నా గౌరవస్థానం అక్షరానిదే. పూర్వశిల్పులు వస్తువును ముందు చేసి దాని మీద అక్షరాలు చెక్కేవారు. వోల్పర్ట్ హీబ్రూ అక్షరాలను లోహంలో కత్తిరించి, వాటినే ఒకదానితో ఒకటి అతికి పాత్రకు గోడగా, కిరీటానికి వలయంగా నిలిపాడు. అక్షరం తీసేస్తే వస్తువే కూలిపోతుంది. రాత మీద నిలిచిన మతానికి ఇంతకంటే సూటి రూపం దొరకడం కష్టం. 1956లో న్యూయార్క్ యూదు మ్యూజియంలో ఏర్పాటైన టోబె పాషర్ వర్క్‌షాప్‌కు ఆయన నిర్వాహకుడయ్యాడు. శిష్యుడు మోషె జబారి 1961లో అక్కడ చేరి గురువు బాటలో మొదలై క్రమంగా వేరుదారి పట్టాడు. 1969లో జబారి వెండి, ముత్యాలతో చేసిన తోరా కిరీటంలో అక్షరం లేదు. వంపులు తిరిగిన వెండిరేకు కదలికే దాని భాష.

5. అమెరికా: స్వేచ్ఛాదేవి, సిలికోన్

అమెరికాలో ఈ చరిత్ర మరో దారి తీసుకుంది. 1974లో మే రాక్‌లాండ్ ట్యూపా చేసిన హనుక్కా దీపంలో పర్యాటకులు కొనుక్కునే ప్లాస్టిక్ స్వేచ్ఛాదేవి బొమ్మలు వరుసగా నిలబడి ఉంటాయి. వోల్పర్ట్ పాఠశాల దృష్టిలో ఇది అపచారమే: చవకబారు ప్లాస్టిక్, బజారు బొమ్మ, జెండా రంగుల గుడ్డ. కాని స్వేచ్ఛాదేవి పీఠం మీది ఫలకంపై ఉన్న కవిత ఎమ్మా లాజరస్ అనే యూదు కవయిత్రిదనీ, ఐరోపా నుంచి ఓడల్లో వచ్చిన లక్షలాది యూదు కుటుంబాలు తొలిగా చూసిన అమెరికా ముఖం ఆ విగ్రహమేననీ గుర్తుంచుకుంటే ఆ బజారు బొమ్మ వెనుక కుటుంబచరిత్ర కనబడుతుంది. 1986లో విగ్రహం శతజయంతి వేళకు మాన్‌ఫ్రెడ్ ఆన్సన్ ఇదే భావాన్ని ఇత్తడిలో పోతపోశాడు. యుక్తవయసులో జర్మనీ విడిచి ఆస్ట్రేలియా చేరి, తరువాత అమెరికాలో స్థిరపడిన వ్యక్తి ఆయన. ఆ ఇత్తడి దీపాలలో ఒకటి ఇప్పుడు స్మిత్సోనియన్ సంస్థ సేకరణలో ఉంది.

ప్రసిద్ధ వాస్తుశిల్పి రిచర్డ్ మేయర్ 1985లో చేసిన హనుక్కా దీపం దీనికి భిన్నం. ఎనిమిది దీపస్తంభాలూ ఎనిమిది వాస్తురూపాలు. ఈజిప్టు నుంచి జర్మనీ దాకా యూదులు హింసకు, బహిష్కారానికి గురైన కాలాలనూ దేశాలనూ అవి సూచిస్తాయి. ఆలోచన గంభీరమైనదే. కాని ఏ స్తంభం ఏ దేశానిదో వివరణ చదివితే తప్ప తెలియని వస్తువు ఇంటి కిటికీలో కన్నా మ్యూజియం అద్దాలపెట్టెలోనే ఎక్కువ సుఖంగా ఉంటుందనిపించక మానదు. 1986లో పీటర్ షైర్ రంగుల ఉక్కుతో చేసిన దీపం మెంఫిస్ బృందపు ఆటవిడుపు ధోరణికి చెందినది. కైరోలో పుట్టిన కరీం రషీద్ 2004లో చేసిన సిలికోన్ దీపం ఉతికి ఆరేసుకోగలిగినంత మెత్తనిది. ఫ్రాంక్‌ఫర్ట్ క్రైస్తవ వెండిపనివారి సంప్రదాయానికి ఈయనను కొనసాగింపుగా భావించవచ్చు. ఈ వస్తువులన్నిటిలోనూ నిప్పు మాత్రం పాతదే. విద్యుద్దీపాలతో హనుక్కా విధి తీరుతుందా అన్న ప్రశ్నకు ధర్మశాస్త్ర పండితుల్లో ఎక్కువమంది తీరదనే చెప్పారు. పాత్ర ఎంత మారినా వత్తి, నూనె, మైనం మారలేదు.

న్యూయార్క్ యూదు మ్యూజియం 2009లో ఆచార పునఃసృష్టి పేరిట పెద్ద ప్రదర్శన నిర్వహించింది. మరిట్ మైస్లర్ సిమెంటు మెజూజా, కిప్పా టోపీలను చదరంగం బల్లగా మార్చిన స్టూడియో ఆర్మడిల్లో రచన వంటివి ఆ దశకపు ధోరణికి ప్రతినిధులు.

6. మిర్యాము గిన్నె, నారింజపండు

వస్తువు పాతదై రూపం మారడం ఒక సంగతి; వస్తువే కొత్తగా పుట్టడం మరో సంగతి. పస్కా బల్ల మీద ఏలీయా ప్రవక్త కోసం ద్రాక్షారసపు గిన్నె ఉంచడం పాత ఆచారం. 1980లలో బోస్టన్‌లోని ఒక స్త్రీల బృందం మోషే అక్క మిర్యాము పేర నీళ్ల గిన్నెను కూడా ఉంచడం మొదలుపెట్టింది. ఎడారిలో ఇశ్రాయేలీయుల వెంట నడిచిన బావి మిర్యాము పుణ్యమేనన్న పురాగాథ దానికి ఆధారం. ఈ గిన్నెకు ప్రాచీన నమూనా లేదు. అందువల్ల రూపకర్తలకు పూర్తి స్వేచ్ఛ దొరికింది. వాస్తుశిల్పి ఏమీ క్లైన్ రైకర్ట్ 1997లో చేసిన వెండి గిన్నె, సముద్రతీరాన మిర్యాము పట్టుకున్న తంబురను తలపిస్తుంది.

నారింజపండు కథ పరిశోధకులకు ఒక హెచ్చరిక. స్త్రీకి ప్రార్థనావేదిక మీద ఉన్న స్థానం పస్కా పళ్లెంలో నారింజపండుకున్న స్థానం వంటిదని ఎవరో పురుషుడు ఎగతాళి చేశాడనీ, దానికి జవాబుగా సుజానా హెషెల్ పళ్లెంలో నారింజపండు పెట్టారనీ ప్రచారంలో ఉంది. హెషెల్ స్వయంగా దీనిని ఖండించారు. 1980లలో స్వలింగప్రేమికులు, సమాజం అంచుల్లోకి నెట్టిన ఇతర యూదుల పట్ల సంఘీభావంగా ఆమె ఆ ఆచారం మొదలుపెట్టారు. గింజలను ఉమ్మివేయడం ద్వేషాన్ని ఉమ్మివేయడానికి సంకేతం. ప్రచారకథలో ఆ మనుషులు మాయమయ్యారు. స్త్రీ ఆలోచన కూడా ఎవరో పురుషుడి మాటకు ప్రతిస్పందనగా మారింది. వస్తువు బల్ల మీదే ఉంది, అర్థాన్ని దొంగిలించారు. కొన్ని దశాబ్దాల నాటి ఆచారానికే ఇంత వక్రీకరణ జరిగితే, రెండువేల ఏళ్ల ఆచారాల పుట్టుకకథలను ఎంత జాగ్రత్తగా చదవాలో ఊహించవచ్చు.

7. పర్ణశాల: నియమమే నమూనా

పర్ణశాల అనగానే తెలుగు పాఠకుడికి పంచవటి గుర్తుకు రావడం సహజం. యూదుల పర్ణశాల కూడా ప్రయాణంలో ఉన్నవారి ఇల్లే. ఎడారిలో సంచరించిన పూర్వికుల స్మృతిగా ఏడు రోజులు తాత్కాలిక పందిరిలో భోజనం చేయాలి, వీలైతే నిద్రించాలి. నియమాలు విచిత్రంగా కచ్చితమైనవి. పైకప్పు నేలలో మొలిచి, కోసిన పదార్థంతోనే వేయాలి. ఎండకన్నా నీడ ఎక్కువ ఉండాలి. అయినా నక్షత్రాలు కనబడితే మంచిది. ఎత్తు ఇరవై మూరలు మించరాదు. గోడగా ఏనుగును నిలబెట్టవచ్చా అన్న చర్చ కూడా తల్మూదులో ఉంది. నవ్వు తెప్పించే ఈ చర్చ నిజానికి గోడ అంటే ఏమిటన్న గంభీరమైన ప్రశ్న.

2010 సెప్టెంబరులో న్యూయార్క్ యూనియన్ స్క్వేర్‌లో జాషువా ఫోయర్, రోజర్ బెన్నెట్ నిర్వహించిన 'సుక్కా సిటీ' పోటీ ఈ నియమాలనే పోటీ షరతులుగా ప్రకటించింది. 600కు పైగా ప్రవేశాలు వచ్చాయి. ఎంపికైన 12 పర్ణశాలలను ఆ ఉద్యానంలో నిలబెట్టారు. కైల్ మే, స్కాట్ అబ్రహామ్స్ గాజుగోడల మీద ఒక మహావృక్షపు దుంగను పైకప్పుగా ఉంచారు. కోసిన చెట్టే కదా కప్పు కావలసింది! నియమంలోని అక్షరాన్ని పాటిస్తూ దాని తేలికదనాన్ని తలకిందులు చేశారు. ప్రజల ఓటుతో గెలిచినది హెన్రీ గ్రాస్‌మన్, బాబక్ బ్రయన్‌ల 'పగిలిన బుడగ'.

అయితే ఆ పన్నెండింటిలో పండుగ ఆశయానికి అత్యంత దగ్గరగా వెళ్లింది రొనాల్డ్ రైల్, వర్జీనియా సాన్ ఫ్రాటెల్లో చేసిన 'సంకేతాల సుక్కా' అని చెప్పవచ్చు. నిలువనీడ లేని మనుషులు వీధుల్లో సాయం కోరుతూ పట్టుకునే అట్టముక్కలను వారి నుంచే కొని, వాటితో గోడలల్లారు. ఇల్లున్నవారు ఏడాదికి ఏడు రోజులు ఇల్లు లేనట్టు గడపడం ఈ పండుగలోని ఆచారం. ఏడాది పొడవునా అదే స్థితిలో ఉన్నవారి చేతిరాతల మధ్య ఆ పండుగ జరపడం ఎంత ఇబ్బందికరమో రూపకర్తలకు తెలుసు. ఆ ఇబ్బందిని తొలగించకపోవడమే వారి విజయం. ఇంతకు పదేళ్ల ముందే ఆలన్ వెక్స్‌లర్, మిగతా ఏడాదంతా తోటపనిముట్లు దాచుకునే గదిగా పనికివచ్చే పర్ణశాలను చేశాడు. అదీ తెలివైన వస్తువే, కాని దాని వెనుక ఒక పెరడు ఉంటుంది.

8. ద్వారబంధం మీది గాయం

రెండో ప్రపంచయుద్ధానికి ముందు పోలండ్‌లో 30 లక్షలకు పైగా యూదులు ఉండేవారు. వారిలో అత్యధికులను నాజీలు చంపారు. ఇళ్లు మిగిలాయి, వాటిలో వేరేవారు చేరారు. మెజూజాలు ఊడిపోయాయి, లేదా ఊడదీశారు. అయినా కొన్ని పాత భవనాల ద్వారబంధాల మీద వాటి ఆనవాళ్లు మిగిలే ఉన్నాయి: ఏటవాలుగా తొలిచిన గుంట, రెండు మేకుల రంధ్రాలు, పొరలు పొరలుగా వేసిన రంగు కింద ఒక నిలువుగీత. రాషికీ మనుమడికీ కుదిరిన రాజీ అక్కడ గాయంగా మిగిలింది.

వార్సాకు చెందిన హెలెనా చెర్నెక్, అలెగ్జాండర్ ప్రుగర్ 2014లో 'మి పోలిన్' అనే రూపకల్పన సంస్థను ప్రారంభించారు. హీబ్రూలో ఆ పేరుకు 'పోలండ్ నుంచి' అని అర్థం. పాత ఇళ్లను వెదికి, గుమ్మం మీది ఆనవాలుకు అచ్చు తీసి, దానిని కంచులో పోతపోయడం వారి ప్రధాన కృషి. పోతలో లోపలి గుంట బయటి ఉబ్బుగా మారుతుంది. చెక్క చారలు, మేకు రంధ్రాలు, రంగు పెచ్చులు అన్నీ లోహంలోకి వస్తాయి. ఏ ఊరు, ఏ వీధి, ఏ నంబరు ఇల్లు అన్నది కంచు మీద చెక్కుతారు. లోపల కొత్త తోలుపత్రం ఉంచితే అది శాస్త్రసమ్మతమైన మెజూజా అవుతుంది.

ఆచార వస్తువుల చరిత్రలో దీనికి సమానమైనది వెదకడం కష్టం. ఇంతవరకు చూసిన రూపకర్తలందరూ ఏదో ఒక ఆకారాన్ని ఊహించారు. ఇక్కడ ఊహించినది ఏదీ లేదు. ఆకారాన్ని నిర్ణయించింది ఒక లేమి. వోల్పర్ట్ వస్తువు నుంచి అలంకారాన్ని తీసేశాడు. వీరికి దొరికినదాంట్లో వస్తువు కూడా లేదు, అది ఉన్న చోటు మాత్రమే ఉంది. పోయినవారి స్మృతిని అమ్మకపు సరుకు చేయడం తగునా అన్న ప్రశ్న ఇక్కడ రాకమానదు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అయితే ఈ వస్తువు మ్యూజియంలో కాక గుమ్మం మీద ఉండటానికే తయారైందన్న విషయాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. స్మారకఫలకాన్ని చదివి ముందుకు సాగుతాం. మెజూజాను ఇంట్లోవారు వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ చేత్తో తాకి, ఆ వేళ్లను ముద్దుపెట్టుకుంటారు. ఒక పోలిష్ పట్టణంలో పాత యజమాని చెయ్యి తాకిన చోటి ముద్రను వేరే దేశంలో మరో కుటుంబం రోజూ తాకుతుంది. శాస్త్రం ప్రకారం కంచుకు పవిత్రత లోపలి అక్షరం వల్లనే వస్తుంది. ఈ ఒక్క వస్తువు విషయంలో ఆ సూత్రాన్ని అంగీకరించడానికి మనసు కొంత తటపటాయిస్తుంది.

ఇంటి మెజూజాను ఏడేళ్లలో రెండుసార్లు విప్పి పరీక్షించాలని విధి. లేఖకుడు మేకులు తీసి, చుట్టను తెరిచి, వరుసవెంట వరుస చదువుతాడు. తేమకు సిరా చెదిరి ఒక అక్షరం విరిగినా ఆ పత్రం గెనీజాకు చేరుతుంది. కొత్తపత్రం రాయించి అదే కంచులో చుట్టిపెట్టి, గుమ్మానికి మళ్లీ ఏటవాలుగా బిగిస్తారు.